ఇల్లంతా జీబ్రా బ్లైండ్సే వేయాలా? ఏ కిటికీకి ఏ గుడ్డ, కొనేటప్పుడు ఏం చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్ నల్లగండ్లలో పదకొండో అంతస్తులో కొత్త త్రీ బీహెచ్‌కే. హాలుకి పడమర వైపు పదడుగుల స్లైడింగ్ డోరు, దాని అవతల బాల్కనీ. మీ బెడ్‌రూమ్ తూర్పు, బాబు గది దక్షిణం, వంటిల్లు ఉత్తరం. మీవారిది అమెరికా షిఫ్టు, పగలు పడుకుంటారు. షాపువాళ్లు ఇల్లంతా జీబ్రా బ్లైండ్స్‌కి (పల్చటి, దట్టమైన పట్టీలు ఒకదాని కింద ఒకటి ఉండే తెరలకి) కొటేషన్ ఇచ్చారు. మీ అత్తగారేమో పోచంపల్లి గుడ్డతో రోమన్ బ్లైండ్స్ (మడతలు మడతలుగా పైకి లేచేవి) కుట్టిద్దామంటున్నారు. బాబుకి మూడేళ్లు.

ఆ కొటేషన్ మీద ఇంకా అడ్వాన్స్ ఇవ్వకపోతే, ఆగండి. రేటు ఎక్కువ తక్కువల సంగతి తర్వాత. నాలుగు దిక్కుల కిటికీలకీ ఒకే గుడ్డ రాసిచ్చారంటే, వచ్చినతను టేపు పెట్టి కొలుచుకుని వెళ్లాడే గానీ ఏ కిటికీకి ఏ వేళ ఎండ పడుతుంది, ఆ గదిలో ఎవరు ఎప్పుడు పడుకుంటారు అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదన్నమాట. నేను సికింద్రాబాద్‌లో పర్దాలు కుట్టించే పనితో మొదలుపెట్టి, తర్వాత బ్లైండ్స్ కొలతలు, ఫిట్టింగుల్లోకి వచ్చినవాణ్ని. ఇప్పుడు అమ్మకం మానేశాను కాబట్టి ఎవరి సరుకూ మీకు అంటగట్టే పని లేదు. నా అనుభవంలో ఈ ఖర్చులో ఎక్కువ వృథా అయ్యేది "ఇల్లంతా ఒకేలా ఉండాలి" అనే దగ్గరే. డబ్బు పెట్టాల్సిన కిటికీలు ఇంట్లో రెండో మూడో ఉంటాయి. మీ ఇంట్లో అవి పడమటి హాలు, తూర్పు బెడ్‌రూమ్. మిగిలినవాటికి చవకలో తేల్చేయొచ్చు.

ముందు ఎండ సంగతి. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తు వరకే ఎక్కుతాడు, అందుకని బాబు గదిలోకి చలికాలంలో ఎండ బాగా లోపలికి వస్తుంది. ఆ రోజుల్లో అది హాయిగానే ఉంటుంది, దాన్ని పూర్తిగా కట్టేయాల్సిన అవసరం లేదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా ఇది తిరగబడుతుంది. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు, పొద్దున్న, సాయంత్రం ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. ఉత్తరం కిటికీకి ఎండే రాదని బిల్డర్ చెప్పే మాట మే, జూన్ సాయంత్రాల్లో నిలబడదు. అయినా అది ఏటవాలుగా, కొద్దిసేపు తగిలే ఎండ. పెద్ద సమస్యేమీ కాదు.

అసలు సమస్య పడమర. ఏప్రిల్ మూడో వారంలో సాయంత్రం నాలుగున్నరకు మన ఊళ్లో సూర్యుడు దాదాపు సరిగ్గా పడమరనే, 30 డిగ్రీల లోపు ఎత్తులో ఉంటాడు. మీ బాల్కనీ అయిదడుగుల వెడల్పుందనుకోండి. పై అంతస్తు స్లాబు ఇచ్చే నీడ మీ తలుపు మీద మూడడుగులు కూడా సరిగ్గా దిగదు. అక్కణ్నుంచి నిమిషనిమిషానికీ ఎండ ఇంకా లోపలికి వస్తూ, ఆరు దాటేవరకూ మీ సోఫా మీదే ఉంటుంది. పదకొండో అంతస్తు కాబట్టి ఎదురుగా చెట్టో బిల్డింగో అడ్డం ఉండే అవకాశం తక్కువ. కాబట్టి మీ బడ్జెట్‌లో పెద్ద వాటా ఈ తలుపుకే పోవాలి.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి, షాపులో ఎవరూ చెప్పరు. గాజుకి లోపల వేసే ఏ బ్లైండైనా వేడిని కొంతవరకే ఆపుతుంది. ఎండ గాజు దాటి లోపలికి వచ్చేశాక గుడ్డకి తగిలి వేడిగా మారుతుంది, ఆ వేడిని గాజు మళ్లీ సులువుగా బయటికి పోనివ్వదు. గుడ్డ వెనకవైపు, అంటే గాజు వైపు, తెల్లగానో వెండి పూతతోనో ఉంటే కొంత వెలుతురు వెలుతురుగానే తిరిగి బయటికి వెళ్లిపోతుంది. అదే మనకు దక్కే లాభం. పూర్తి లాభం కావాలంటే గాజుకి బయటే నీడ పడాలి. పాత ఇళ్లలో కిటికీలకి బయటే వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు, దాని తెలివంతా అక్కడే ఉంది. అపార్ట్‌మెంట్లో ఆ నీళ్లు కింది ఫ్లాటు వాళ్ల మీద పడతాయి కాబట్టి అది కుదరదు. బాల్కనీ రెయిలింగుకి లోపలి వైపు వెదురు బ్లైండో, బయటి వాడకానికి చేసిన సన్‌స్క్రీన్ రోలరో (పైన పైపుకి చుట్టుకునే వలలాంటి గుడ్డ) వేసుకోవచ్చు. కాకపోతే రెండు షరతులు: ఆ ఎత్తులో గాలికి కొట్టుకోకుండా కింద కట్టేసే ఏర్పాటు, పక్కన తీగెల గైడ్ ఉండాలి. ఇంకోటి, ముందు మీ అసోసియేషన్‌ని అడగాలి. బయటినుంచి కనబడే దేనికైనా ఒకే రంగు ఉండాలనే రూలు చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో ఉంది. వేయించాక తీయించడం కంటే ముందే ఒక మెయిల్ పెట్టడం నయం.

బయట వేయడానికి ఒప్పుకోలేదనుకోండి, హాలుకి నా సలహా సన్‌స్క్రీన్ గుడ్డతో రోలర్ బ్లైండ్. ఇది పాలిస్టర్ లేదా ఫైబర్‌గ్లాస్ దారానికి పీవీసీ పూత పూసి వలలా నేసిన గుడ్డ. శాంపిల్ పుస్తకంలో 1 శాతం, 3 శాతం, 5 శాతం, 10 శాతం ఓపెన్‌నెస్ అని రాసి ఉంటుంది. అంటే గుడ్డలో ఎంత భాగం సన్నటి రంధ్రాలో ఆ లెక్క. పడమటికి 3 శాతం తీసుకోండి, టీవీ ఆ గోడకి ఎదురుగా ఉంటే 1 శాతం. పదిశాతం గుడ్డ షాపులో ఎంతో అందంగా, గాలిగా కనిపిస్తుంది కానీ ఏప్రిల్ సాయంత్రం సూర్యుడు దాని వెనక గుండ్రంగా కనబడుతూ కళ్లలో పొడుస్తాడు.

రంగు దగ్గర చాలామంది తికమక పడతారు. లేత రంగు సన్‌స్క్రీన్ ఎండని ఎక్కువ వెనక్కి పంపుతుంది, కానీ ఎండ తగిలినప్పుడు గుడ్డంతా తెల్లగా వెలిగిపోయి బయట ఏమీ కనబడదు. ముదురు రంగులోంచి బయటి దృశ్యం శుభ్రంగా కనిపిస్తుంది, కానీ అదే వేడిని పీల్చుకుంటుంది. రెంటికీ మధ్య దారి ఉంది. గాజు వైపు తెలుపు, గది వైపు బూడిదరంగు ఉండేలా నేసిన రెండు ముఖాల గుడ్డ దొరుకుతుంది. రేటు కాస్త ఎక్కువ, కానీ మీ హాలుకి అది దండగ కాదు.

పదడుగుల వెడల్పుకి ఒకే రోలర్ వేస్తామంటే ఒప్పుకోకండి. అంత వెడల్పులో పైపు సన్నదైతే మధ్యలో వంగి, గుడ్డ మీద చిరునవ్వు ఆకారంలో ముడతలు పడతాయి. ఒకవేళ ఒక్కటే కావాలంటే లావు పైపు, గట్టి బ్రాకెట్లు అడిగి తీసుకోవాలి. దానికన్నా రెండు ముక్కలుగా చేయించండి. తలుపు పలకలు కలిసే నిలువు ఫ్రేము ఎక్కడుందో సరిగ్గా అక్కడే బ్లైండ్స్ కూడా విడిపోవాలి. రెండు రోలర్ల మధ్య అంగుళం పైన ఖాళీ తప్పదు, ఆ సందు ఫ్రేము మీదకి వస్తే వెలుగు గీత కనబడదు. బాల్కనీలోకి వెళ్లే వైపు ముక్క పైకెత్తి, రెండోది దించే ఉంచుకోవచ్చు. తలుపు హ్యాండిల్ గుడ్డకి తగులుతుందనుకుంటే రివర్స్ రోల్ అని చెప్పండి, అంటే గుడ్డ పైపుకి ముందువైపు నుంచి దిగుతుంది.

సన్‌స్క్రీన్‌కి ఒక లోపం ఉంది. పగలు మీకు బయట కనబడుతుంది, బయటివాళ్లకి మీరు కనబడరు. రాత్రి లైటు వేయగానే ఇది తారుమారవుతుంది. దూరంగా ఏ టవర్ ఉన్నా అక్కణ్నుంచి మీ హాలు తోలుబొమ్మలాటలా కనిపిస్తుంది. అందుకే దాని ముందు మామూలు కాటన్ కర్టెన్లు ఒక జత ఉండాలి. ఇవి ఎండ ఆపక్కర్లేదు కాబట్టి ఖరీదైనవి అవసరం లేదు, ఉతుక్కోవడానికి వీలైతే చాలు. మీ అత్తగారి పోచంపల్లి కోరిక తీరే చోటు ఇది కాదు, బాబు గది; దాని సంగతి కింద రాస్తాను. కర్టెన్ గుడ్డ లెక్క కూడా తెలుసుకుని వెళ్లండి. 120 అంగుళాల వెడల్పుకి రెండింతల కుచ్చు అంటే 240 అంగుళాలు. గుడ్డ పన్నా 54 అంగుళాలైతే అయిదు పన్నాలు పడతాయి. ఎనిమిదడుగుల ఎత్తుకి పైనా కిందా మడతలకి ఒక అడుగు కలుపుకుంటే పన్నాకి తొమ్మిదడుగులు, అంటే దాదాపు 2.75 మీటర్లు. మొత్తం 14 మీటర్లు. షాపతను 20 మీటర్లు రాస్తే ఎందుకో అడగండి. డిజైన్ పూలు కలపడానికి కొంత ఎక్కువ పట్టడం నిజమే, కానీ ఆరు మీటర్లు కాదు.

ఇక మీ బెడ్‌రూమ్. పొద్దున్న ఆరింటికి మీవారు షిఫ్టు ముగించుకుని పడుకునే వేళకి తూర్పు ఎండ నేరుగా మంచం మీదకి వస్తుంది. ఇక్కడ వెలుతురుని పూర్తిగా ఆపే బ్లాక్‌అవుట్ గుడ్డ తప్ప వేరే దారి లేదు. జీబ్రా అసలు పనికిరాదు. బ్లాక్‌అవుట్ గుడ్డ మంచిదో కాదో షాపులోనే తేల్చుకోవచ్చు: మొబైల్ టార్చి వేసి గుడ్డ వెనక ఆనించండి, ఒక్క చుక్క వెలుతురు రాకూడదు. తర్వాత శాంపిల్ మూలని గట్టిగా మడిచి, విప్పి, మళ్లీ టార్చి పెట్టండి. పూత నాసిరకమైతే మడత దగ్గర నక్షత్రాల్లా రంధ్రాలు కనబడతాయి.

కానీ మంచి గుడ్డ కొన్నా గది చీకటి అవుతుందన్న గ్యారంటీ లేదు. వెలుతురు గుడ్డలోంచి రాదు, పక్కనుంచి వస్తుంది. కిటికీ గూటి లోపల బిగిస్తే బ్రాకెట్లకి, గొలుసు చక్రానికి చోటు కావాలి కాబట్టి గుడ్డ రెండు పక్కలా కలిపి అంగుళం, అంగుళంన్నర తక్కువ ఉంటుంది. తూర్పు ఎండలో ఆ సందులు ట్యూబ్‌లైట్లలా వెలుగుతాయి. అందుకని ఈ గదిలో గూటికి బయట, గోడ మీద బిగించమనండి. రెండు పక్కలా మూడు నాలుగు అంగుళాలు, పైన కనీసం నాలుగు అంగుళాలు గోడ మీదకి రావాలి. ఫాల్స్ సీలింగ్‌లో పెల్మెట్ (కర్టెన్ రాడ్డుని దాచే గూడు) ఉంటే దాంట్లోంచే దించి, ముందు లైనింగ్ వేసిన కర్టెన్ కూడా పెడితే మధ్యాహ్నం పన్నెండుకి కూడా గదిలో దారి తడుముకోవాలి. కొత్త బ్లాక్‌అవుట్ గుడ్డకి కొన్నాళ్లు రబ్బరు వాసన ఉంటుంది. బిగించే ముందు ఒకట్రెండు రోజులు బాల్కనీలో నీడన విప్పి ఉంచితే చాలా వరకు పోతుంది.

ఇప్పుడు జీబ్రా గురించి. ఇది చెడ్డ వస్తువేమీ కాదు. గుడ్డ మీద పల్చటి పట్టీ, దట్టమైన పట్టీ ఒకదాని కింద ఒకటి ఉంటాయి, ముందొక పొర, వెనకొక పొర. గొలుసు లాగితే పట్టీలు జరిగి వెలుతురు తగ్గుతుంది, పెరుగుతుంది. షోరూములో అది చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, అందుకే అమ్మేవాళ్లకి అది ఇష్టం. కానీ పూర్తిగా మూసినా పట్టీల అంచుల్లో వెలుగు గీతలు ఉంటాయి. సగం ఎత్తి ఉంచితే పట్టీల వరస మీ ఇష్టం ప్రకారం కుదరదు. రెండు పొరల మధ్య దుమ్ము చేరుతుంది. తెల్లాపూర్, నల్లగండ్ల, కొల్లూరు వైపు ఇంకా చుట్టూ కట్టుబడి పనులు నడుస్తున్నాయి కాబట్టి మీకు ఆ దుమ్ము తక్కువేమీ కాదు. ఎండ నేరుగా పడని గదికి, ఉదాహరణకి ఇంట్లో కూర్చుని పనిచేసే గదికి, జీబ్రా బాగుంటుంది. మీకంత మోజుంటే ఒక్క గదికి వేయించుకోండి.

అత్తగారి రోమన్ బ్లైండ్స్ సంగతి. ఆవిడ అభిరుచిని నేను మెచ్చుకుంటాను. పోచంపల్లి ఇక్కణ్నుంచి గంటన్నర ప్రయాణం, నేరుగా నేతగాళ్ల సొసైటీ దగ్గరే మీటర్ల లెక్కన కాటన్ ఇక్కత్ తెచ్చుకోవచ్చు. గుడ్డని మడతలు మడతలుగా పైకి లాగే రోమన్ బ్లైండ్ మీద ఆ డిజైన్ కనిపించినంత అందంగా కుచ్చుల కర్టెన్ మీద కనిపించదు, అది ఒప్పుకోవాలి. అయితే నేరుగా ఎండ తగిలే కిటికీకి మాత్రం వద్దు. కాటన్ రంగు ఒకటి రెండు వేసవులకే వెలుస్తుంది, అది కూడా మడతల గీతల వెంబడి చారలుగా వెలుస్తుంది. కలంకారీ సహజ రంగులైతే ఇంకా తొందరగా పోతాయి.

మీ ఇంట్లో రోమన్‌కి తగిన చోటు బాబు గది. అక్కడ వేసవిలో దక్షిణపు ఎండ నేరుగా పడదు, చలికాలంలోనే పడుతుంది, వెనక తెల్లటి లైనింగ్ వేస్తే గుడ్డ నిలుస్తుంది. కుట్టించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు చెప్పాలి, ఎందుకంటే మామూలు టైలర్లు వీటిని పట్టించుకోరు. గుడ్డని కత్తిరించే ముందే నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే బ్లైండ్ కిటికీ కంటే పొట్టిదవుతుంది. లైనింగ్ గుడ్డకీ అంతే. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు వదులుతుందేమో చూడండి. చేనేత పన్నా సాధారణంగా కిటికీ కంటే చిన్నది, అతుకు తప్పదు. ఆ అతుకు నడిమధ్యలో రాకూడదు. మధ్యలో ఒక పూర్తి పన్నా, రెండు పక్కలా సగం సగం వస్తే అతుకు డిజైన్‌లో కలిసిపోతుంది. పై అంచుకి వెల్‌క్రో పెట్టించండి, లోపలి కడ్డీలు పక్కనుంచి లాగేసేలా ఉండాలి. అప్పుడే మీరు గుడ్డ విప్పి ఉతుక్కోగలరు. అన్నట్టు, రోమన్ పూర్తిగా ఎత్తినా పైన తొమ్మిది పది అంగుళాల మడతల కట్ట కిటికీని కప్పేస్తుంది. ఆ కట్టలో బల్లులు కాపురం పెడతాయి. వారానికోసారి కిందికి దించి దులపని ఇళ్లలో రోమన్ బ్లైండ్ వద్దని చెబుతుంటాను.

బాబు గదిలో గుడ్డ కంటే ముఖ్యం తాడు. వేలాడే తాళ్లు, గుండ్రటి గొలుసులు పిల్లల మెడకి చుట్టుకుని ప్రాణాలు తీసిన సందర్భాలు ఉన్నాయి. అమెరికాలో వినియోగదారుల వస్తువుల భద్రత చూసే కమిషన్ లెక్క ప్రకారం అయిదేళ్లలోపు పిల్లలు ఏటా సగటున తొమ్మిదిమంది అక్కడ ఇలా చనిపోతున్నారు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, మన దగ్గర ఫిట్టర్లు గొలుసు పట్టే క్లిప్పుని సంచిలోనే మర్చిపోయి వెళ్లిపోతారు కాబట్టి చెబుతున్నాను. బాబు తిరిగే గదుల్లో తాడు లేని స్ప్రింగ్ రకమే అడగండి. గొలుసే ఉంటే అది గోడకి స్క్రూతో బిగువుగా ఉండాలి. రోమన్ తాడైతే నేల నుంచి కనీసం మీటరున్నర ఎత్తున కొక్కేనికి చుట్టి ఉంచాలి. మంచం, కుర్చీ కిటికీ దగ్గర వేయకండి. పదకొండో అంతస్తులో అది బ్లైండ్స్ లేకపోయినా పాటించాల్సిన పని.

వంటింటికి ఏ గుడ్డా వద్దు. పొయ్యికి దగ్గర పాలిస్టర్ కరుగుతుంది, కాటన్ అంటుకుంటుంది, రెండింటికీ తాళింపు జిడ్డు పడుతుంది. గాజుకి ఫ్రాస్టెడ్ ఫిల్మ్ అంటించండి, చాలు. బాత్‌రూమ్ వెంటిలేటర్లకీ అంతే.

కొలతల దగ్గరికి వద్దాం. పెయింటింగ్, ఫాల్స్ సీలింగ్, కిటికీ కింద గ్రానైట్ అన్నీ పూర్తయ్యాకే కొలిపించండి. గూటి లోపల బిగించేదైతే వెడల్పుని పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవాలి, అన్నిట్లోకీ తక్కువది తీసుకోవాలి. మన గోడలు ఎంత మంచి మేస్త్రీ కట్టినా అరంగుళం అటూ ఇటూ ఉంటాయి. కొలత మిల్లీమీటర్లలో, ముందు వెడల్పు తర్వాత ఎత్తు వరసలో రాయించండి. ఈ వరస తిరగబడే ఆర్డర్లు తప్పుగా వస్తుంటాయి. లోపలి కొలత ఇస్తున్నారా, తయారయ్యే బ్లైండ్ కొలత ఇస్తున్నారా అన్నది కూడా కాగితం మీద ఉండాలి. దోమల మెష్ లోపలికి తెరుచుకునే రకమైతే దాన్ని తెరిచి చూపించండి. బ్లైండ్ బిగించాక మెష్ తెరుచుకోకపోతే గొడవ మీకే. యూపీవీసీ ఫ్రేముకి డ్రిల్లింగ్ చేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఫ్రేము వారంటీ దెబ్బతినొచ్చు, గోడకో పై లింటెల్‌కో బిగించమనండి. మీ టేపుతో మీరూ ఒకసారి కొలుచుకోండి, కానీ ఆర్డర్ మాత్రం వాళ్ల కొలత మీదే ఇవ్వండి. తేడా వస్తే బాధ్యత కొలిచినవాళ్లది అవుతుంది.

బిల్లులో మెలికలన్నీ ఎస్‌ఎఫ్‌టీ, అంటే చదరపు అడుగుల లెక్క దగ్గర ఉంటాయి. 66 అంగుళాల వెడల్పు, 54 అంగుళాల ఎత్తు కిటికీ అంటే రెండూ హెచ్చించి 144తో భాగిస్తే 24.75 ఎస్‌ఎఫ్‌టీ. దీన్ని 25 చేశారా, 30 చేశారా చూడండి. కొందరు వెడల్పునీ ఎత్తునీ విడివిడిగా పై పూర్తి అడుగుకి పెంచి లెక్కగడతారు. ఇంకొకటి, మినిమమ్ బిల్లింగ్. బ్లైండ్ ఎంత చిన్నదైనా ఇంత విస్తీర్ణానికి తక్కువ లెక్కగట్టం అంటారు. ఆ మినిమమ్ 10 అయితే రెండడుగుల చదరపు వెంటిలేటర్‌కి మీరు కట్టేది 4 ఎస్‌ఎఫ్‌టీకి కాదు, పదికి. చిన్న కిటికీలకి బ్లైండ్స్ వద్దని చెప్పడానికి ఇదీ ఒక కారణమే. రేటులో జీఎస్టీ, ఫిట్టింగ్, రవాణా కలిసున్నాయో లేదో అడగండి. శాంపిల్ పుస్తకం పేరు, గుడ్డ నంబరు, పైపు సైజు, గొలుసు ఏ పక్కన అన్నవి బిల్లు మీద ఉండాలి. "గ్రే కలర్ రోలర్" అని మాత్రమే రాసిన బిల్లుతో మీరు రేపు ఎవరితోనూ వాదించలేరు. వారంటీ గుడ్డకి వేరు, యంత్రానికి వేరు. రెండూ రాయించుకోండి.

ఎక్కడ కొనాలంటారా? హిమాయత్‌నగర్, కూకట్‌పల్లి ఫర్నిషింగ్ షాపుల్లో హంటర్ డగ్లస్, విస్టా, మ్యాక్ లాంటి కంపెనీల శాంపిల్ పుస్తకాలు అడగండి. కర్టెన్ గుడ్డకైతే సికింద్రాబాద్ జనరల్ బజార్ కూడా ఒక రౌండ్ వేయండి, బేరం ఆడే ఓపిక ఉంటే. హైటెక్ సిటీలో 2018లో తెరిచిన ఐకియాలో రెడీమేడ్ రోలర్లు ఉంటాయి, పిల్లల గదికి తగిన తాళ్లు లేని రకాలు కూడా. కాకపోతే అవి నిర్ణీత సైజుల్లోనే వస్తాయి, గూటికి బయట బిగించుకునే కిటికీకైతే సరిపోతాయి. ఆన్‌లైన్‌లో మీ కొలత ఇచ్చి తెప్పించుకోవచ్చు కానీ హాలు, బెడ్‌రూమ్ లాంటి చోట వద్దనే అంటాను. ఎక్కడ కొన్నా శాంపిల్ ముక్క ఇంటికి తెచ్చుకోకుండా ఖరారు చేయకండి. చీర రంగు షాపు బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూసుకుంటాం కదా, ఇదీ అంతే. హాలు గుడ్డని సాయంత్రం నాలుగున్నరకు ఆ పడమటి గాజుకే ఆనించి చూడండి. తర్వాత రాత్రి లైటు వేసి, ఒకరు బాల్కనీలోకి వెళ్లి లోపలికి చూడండి. శాంపిల్ ఇవ్వనన్న షాపుని వదిలేయండి.

వీలైతే ఆషాఢంలో పెట్టుకోండి. గృహప్రవేశాలు ఉండవు కాబట్టి ఫిట్టర్లు ఖాళీగా ఉంటారు, గుడ్డ షాపుల్లో తగ్గింపులూ ఉంటాయి. దసరా దీపావళి ముందైతే అదే ఫిట్టర్ ఒక రోజులో పది ఇళ్లు తిరుగుతూ మీ గోడకి వంకర రంధ్రం వేసి వెళతాడు.

మోటారు గురించి మీరు అడగలేదు కానీ షాపతను అడుగుతాడు. హాల్లో రెండు పెద్ద ముక్కలకి పెట్టుకుంటే సుఖమే, తాళ్ల భయం కూడా ఉండదు. ఫాల్స్ సీలింగ్ ఇంకా కాకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెల్మెట్ మూలకి ఒక పవర్ పాయింట్ ఇప్పుడే లాగించి పెట్టుకోండి, మోటారు తర్వాతైనా కొనుక్కోవచ్చు. పాయింట్ లేకపోతే చార్జింగ్ బ్యాటరీ రకం దొరుకుతుంది. మిగతా గదులకి మోటారు డబ్బు దండగ.

వేయించాక పనేమీ పెద్దగా ఉండదు. సన్‌స్క్రీన్‌ని తడిగుడ్డతో తుడవచ్చు. బ్లాక్‌అవుట్‌ని పొడి బ్రష్షుతోనో వాక్యూమ్‌తోనో దులపాలి, మెషిన్లో వేస్తే పూత పొరలు పొరలుగా ఊడిపోతుంది.

బిగించే రోజు మీలో ఒకరు ఇంట్లో ఉండండి. మీ టవర్‌లో డ్రిల్లింగ్ ఏ వేళల్లో చేయనిస్తారో సెక్యూరిటీని ముందే అడిగి ఫిట్టర్‌కి చెప్పండి. ప్రతి బ్లైండ్‌నీ పూర్తిగా దించి, పూర్తిగా ఎత్తి, మళ్లీ దించండి. గుడ్డ పైపు మీద ఒక పక్కకి జరుగుతూ చుట్టుకుంటుంటే బ్రాకెట్ లెవెల్ తప్పిందన్నమాట, అప్పటికప్పుడే సరిచేయించాలి, "వాడుతుంటే సెట్టయిపోతుంది మేడమ్" అంటే నమ్మకండి. బాబు గదిలో గొలుసు క్లిప్పు గోడకి బిగించాడో లేదో చేత్తో లాగి చూసి, ఆ తర్వాతే బ్యాలెన్స్ ఇవ్వండి. పోచంపల్లి గుడ్డ మిగిలితే ఒక మీటరు ముక్క దాచమని అత్తగారికి చెప్పండి, అతుకులకి పనికొస్తుంది.